ఇంటోళ్ల ముందరే విప్పాలి

సెప్టెంబరు 2, మంగళవారం

ఆగస్టు పదిహేడు, ఆదివారం. ఆ రోజు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మరిచిపోతానని కాదు. తలచుకునే కొద్దీ మార్చేస్తానేమోనని.

ఐదున్నరకు లేచాను. ఫ్లోరా అప్పటికే మేలుకుని ఉంది. పడుకుంటే ఊపిరాడదని మూడు దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. పాదాలు నొక్కి చూశాను. వేలు పెట్టిన చోట గుంట పడి అలాగే ఉండిపోయింది. ఆరింటికి మాత్రలు ఇచ్చాను. నీళ్లతో మింగింది. రెండు ఇడ్లీలు పెడితే సగం తిన్నది.

"ఆరాధనకు పోవడం లేదా?" అని అడిగింది.

"నువ్వు కోలుకున్నాక ఇద్దరం పోదాం" అన్నాను.

"షారన్‌ని ఇవాళ రావద్దని చెప్పండి. రాత్రంతా డ్యూటీ చేసింది. పడుకోనీండి."

మాకు షారన్ ఒక్కతే కూతురు. గూడూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు.

తొమ్మిదిన్నరకు ఆయాసం ఎక్కువైంది. షారన్‌కు ఫోన్ చేశాను. పక్కింటి పేరమ్మను ఫ్లోరా దగ్గర కూర్చోబెట్టి ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తాను. ఆటో మా సందులోకి తిరిగేసరికి పేరమ్మ గుమ్మంలో నిలబడి, ఇక అవసరం లేదన్నట్టు చేయి ఊపింది. పదీ ఐదు. మందిరంలో రెండో పాట మొదలైంది. మైకు మా ఇంటిదాకా వినిపిస్తుంది.

అంతే. నేను చేయవలసిందంతా చేశాను.

సెప్టెంబరు 3

మళ్లీ చదివాను. సరిగానే రాశాను.

సెప్టెంబరు 5, శుక్రవారం

పేరమ్మ కూర తెచ్చి ఇచ్చి, గది గుమ్మం దగ్గరే నిలబడింది. లోపలికి రాలేదు.

"ఆ పరుపు ఇంకా మంచం మీదనే ఉంచినారా సార్? పోయినోళ్ల పరుపు ఇంట్లో పెట్టుకోరు. కాలవ గట్టున పడేయించండి. లేకపోతే తగలబెట్టండి."

చూద్దాంలే అన్నాను.

ఇరవై ఏడున జ్ఞాపకార్థ కూడిక. పాస్టరు సమాధానం గారు తేదీ ఖాయం చేశారు. ఒక రోజు ముందే వచ్చి అమ్మ గది సర్దుతానని షారన్ చెప్పింది. సర్దడమంటే చీరలు, మందులు, దిండ్లు. పరుపు కూడా.

ఆ పరుపును షారన్ ముట్టుకోకూడదు. ఎవరూ విప్పకూడదు.

మధ్యాహ్నం దాన్ని మడిచి బయటికి లాగుదామని చూశాను. పాత దూది పరుపు, బండలా ఉంది. సగం దాకా ఎత్తి వదిలేశాను. తగలబెడితే పొగకు వీధంతా వస్తుంది. కాలవ గట్టున వేస్తే రొయ్యల గుంటల కాపలావాళ్లు దూది కోసం విప్పుతారు.

దాని మీద దుప్పటి కప్పి రెండు సూట్‌కేసులు పెట్టాను. గదికి తాళం వేశాను.

సెప్టెంబరు 8, సోమవారం

షారన్ ఫోన్ చేసింది. పలకరింపులయ్యాయి. ఆ తర్వాత అడిగింది.

"నాన్నా, అమ్మ నీటి మాత్ర జులైలో డబల్ చేసినాం కదా. ఆ తర్వాత మూత్రం ఎక్కువ పోయిందా, తక్కువ పోయిందా?"

ఒంట్లో చేరిన నీరు మూత్రంగా దిగిపోవడానికి ఇచ్చే మాత్ర అది. బలహీనమైన గుండెకు అదే ఆధారమని డాక్టరు చెప్పారు.

"గుర్తు లేదమ్మా" అన్నాను.

"డోసు పెంచమని డాక్టరుతో చెప్పింది నేనే. కిడ్నీలు తట్టుకోలేక పోయినాయేమో. ఆయన ఆలోచిద్దామన్నాడు. నేనే తొందర పెట్టినా."

"అలా అనుకోకు."

"నువ్వు టైముకు ఇచ్చినావు కదా?"

"ఇచ్చాను."

అబద్ధం కాదు. ఇచ్చాను.

సెప్టెంబరు 9

గేటు చప్పుడైతే పోయి గది తాళం లాగి చూశాను. పాలవాడు.

సెప్టెంబరు 11, గురువారం

పొద్దున వీధిలో మైకు వినిపించింది. పాత పరుపులు ఏకుతాం, దిండ్లు కుడతాం. ఆటో వెనక దూది ఏకే మిషను. నేను తలుపు వేసుకునేలోపే పేరమ్మ ఆటోను మా గేటు ముందర ఆపేసింది.

దిగినవాడు గళ్ల లుంగీలో ఉన్నాడు, తెల్ల గడ్డం. కళ్లజోడు ఒక పక్క దారంతో కట్టి ఉంది. నన్ను ఎగాదిగా చూశాడు.

"నువ్వు సుశీలవు కదరా?"

నలభై ఏడేళ్లయింది ఆ పిలుపు విని. సుశీల్ కుమార్ అన్న పేరును బడిలో అలా చేశారు. పేరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సార్‌ని పట్టుకుని సుశీల అంటావేందయ్యా? కాలేజీలో లెక్చరర్ చేసినారు."

"మీకు సార్ తల్లీ. నాకు టెన్త్ బి సెక్షను, మూడో బెంచి."

అల్లాబక్షు. అల్లూరు హైస్కూల్లో మూడేళ్లు నా పక్కన కూర్చున్నవాడు. టెన్త్ తర్వాత వాళ్ల నాన్నతో దూది పనికి పోయాడు. నేను కాలేజీకి పోయాను. అప్పటి నుంచి కలవలేదు. ఇన్నేళ్లూ పది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాడు.

ఫ్లోరా పోయిందని చెప్పాను. ఓదార్పు మాటలేవీ అనలేదు. అరుగు మీద కూర్చున్నాడు.

"ఎన్నాళ్లాయె?"

"ఇరవై అయిదు రోజులు."

"పొద్దున తిన్నావా?"

"తిన్నాను."

"ఏం తిన్నావు?"

వాడు క్యారియరు విప్పి జొన్న రొట్టె, ఎండు రొయ్యల పొడి ముందు పెట్టాడు. తిన్నాను. ఆకలి వేస్తోందని తిన్నాకే తెలిసింది.

పేరమ్మ ఊరుకోలేదు. "అయ్యా, లోపల ఒక పరుపుంది. అమ్మ పోయిన పరుపు. సార్ దాన్ని వదలడం లే."

నాకు ఒక ఆలోచన వచ్చింది. వీడు పరాయి ఊరివాడు, షారన్ ఎవరో తెలియదు. "పరుపు నువ్వు తీసుకుపో. ఏమైనా చేసుకో" అన్నాను.

నేను గది తాళం తీస్తే లోపలికొచ్చి, సూట్‌కేసులు దించి, పరుపు మీద అరచెయ్యి వేసి నొక్కాడు.

"మంచి దూదిరా. తీసుకుపొయ్యేది మాత్రం కుదరదు."

"ఎందుకు?"

"ఎవురి పరుపైనా ఇంటోళ్ల ముందరే విప్పాలి. మా తాత కాలం నుంచి అంతే. పరుపుల్లో జనం ఏమేమో దాస్తారు. చెవి కమ్మలు, జాబులు. ఒకామె తాళిబొట్టే దాచింది. మేం వెనకాల విప్పినామంటే దొంగలమే. అందుకే ఇంటోళ్లు ఎదురుగా కూర్చోవాల. లోపల ఏం దొరికినా వాళ్ల చేతిలో పెట్టాల. ఆ తర్వాతే మిషను."

"ఇందులో ఏమీ లేదు."

"లేకపోతే మంచిదే. కూర్చో, అరగంట పని."

ఒంట్లో బాగా లేదని, మరో రోజు చూద్దామని చెప్పాను. నా ముఖంలోకి చూశాడు. సరేనన్నాడు.

సెప్టెంబరు 12

వాడు ఎందుకు దొరికాడు?

సెప్టెంబరు 14, ఆదివారం

ఆరాధన అయ్యాక అల్లాబక్షు మందిరం గేటు దగ్గర ఆటోలో కూర్చుని ఉన్నాడు. ఇంటికి రమ్మన్నాడు. మా ఇంట్లో కూర్చోవడం కంటే నయమని ఎక్కాను.

ఇసకపల్లి దారిలో వాళ్ల ఇల్లు. ఒకే గది, ముందు రేకుల వసారా. గదిలో ఒక మంచం, ఒక గూడు, గూట్లో నాలుగు కంచాలు. దండెం మీద రెండు చీరలు, రెండు లుంగీలు. బీరువా లేదు. చూస్తూ ఉంటే అర్థమైంది, ఆ ఇంట్లో ఏదైనా దాచాలంటే చోటు లేదు.

భార్య పేరు సర్దార్‌బీ. వసారాలో చేపల పులుసు దించుతోంది.

"ఈయనేనా సుశీల? నేను ఆడమనిషి అనుకోని ముప్పై ఏళ్లు కుళ్లుకున్నాను అన్నా. మాటకు ముందు సుశీల అట్ట చేసింది, సుశీల ఇట్ట చేసింది అంటా ఉంటాడు."

"ఏం చేశానంటాడమ్మా?"

"లెక్కల పేపరు చూపించినావంట. సారు పట్టుకున్నాడంట."

గుర్తొచ్చింది. అర్ధ సంవత్సరం పరీక్ష. సారు అడగ్గానే అల్లాబక్షు లేచి "నేను చూసి రాసినా సార్" అన్నాడు. నాలుగు దెబ్బలు తిన్నాడు. మధ్యాహ్నానికి గోలీలాడుతున్నాడు. చూపించింది ఎవరని సారు అడగలేదు, నేను చెప్పలేదు. ఆ ఏడంతా ఆ సారు నా వైపు నడిచి వస్తే చాలు, పుస్తకంలో తల దూర్చేవాణ్ని.

అన్నం తిన్నాక ఇద్దరం వసారాలో చాప మీద పడుకున్నాం. వాడు క్షణంలో గుర్రు పెట్టాడు. గట్టిగా, సిగ్గు లేకుండా. సర్దార్‌బీ పక్కనే దిండు గలీబు కుడుతూ, వాడిని కాలితో ఒక తోపు తోసింది. గుర్రు ఆగింది. మళ్లీ మొదలైంది.

దిగబెట్టేటప్పుడు అడిగాడు. "ఆ పరుపు అంటే భయపడతా ఉండావు. ఏందిరా?"

"ఏమీ లేదు."

"సరే. భయపడతా ఉండు" అని నవ్వి పోయాడు.

సెప్టెంబరు 16, మంగళవారం

రాస్తే తగ్గుతుందేమో. ఎవరూ చదవరు.

జూన్ మొదటి వారం. నీటి మాత్ర రోజుకు రెండు సార్లు, ఉదయం ఆరింటికి, సాయంత్రం నాలుగింటికి. అది పడితే ఫ్లోరాకు గంటకోసారి మూత్రం. సొంతంగా లేవలేదు. ఎత్తి కమోడ్ కుర్చీలో కూర్చోబెట్టాలి, కడగాలి, మళ్లీ ఎత్తి పడుకోబెట్టాలి. రాత్రికి ఏడెనిమిది సార్లు. ప్రతిసారీ "క్షమించండి" అనేది. ముప్పై ఆరేళ్లు కాపురం చేసిన మనిషి. అనవద్దని చెప్పేవాడిని. నా గొంతులో విసుగు ఆమెకు వినిపించేదేమో.

ఆ సాయంత్రం మాత్ర ఇచ్చి, గ్లాసు పెట్టడానికి వెనక్కి తిరిగాను. బీరువా అద్దంలో కనిపించింది. నాలుక కింద నుంచి మాత్ర తీసింది. పక్కనే పరుపు కుట్టు విడిన చోట వేలితో లోపలికి తోసింది.

వెనక్కి తిరిగి అడగాలి. అడగలేదు. వంటింట్లోకి పోయి టీ పెట్టాను.

ఆ రాత్రి రెండే సార్లు లేపింది. తెల్లవారి ఒళ్లు తేలికగా ఉంది. దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

మరునాడు చెబుదామనుకున్నాను. ఆ మరునాడు. రెండున్నర నెలలు. ఆగస్టు పదిహేడు ఉదయం కూడా ఇచ్చాను. మింగిందని పైన రాశాను. చూడలేదు. ఆ మాత్ర ఇచ్చాక వెనక్కి తిరగడం అలవాటు చేసుకున్నాను.

కాళ్ల వాపు చూసి షారన్ జులైలో డోసు పెంచింది. ఫ్లోరా కడుపులోకి పోని మాత్ర డోసును.

ఒకటి మాత్రం అనుకుంటూ ఉంటాను. ఫ్లోరా విసిగిపోయింది. వెళ్లిపోవాలనుకుంది. అన్ని మందులూ దాచే ఉంటుంది. ఆమె ఇష్టానికి నేను అడ్డం పోలేదు, అంతే.

అంతే. ఇంకేమీ దాచలేదు.

సెప్టెంబరు 17

నేనే విప్పొచ్చు. విప్పితే ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది.

సెప్టెంబరు 19, శుక్రవారం

అల్లుడు ఫోన్ చేశాడు. బెన్హర్ రైల్వేలో పని చేస్తాడు, తక్కువ మాట్లాడతాడు.

"మామయ్యా, షారన్ ఉద్యోగం మానేస్తానని లెటర్ రాసింది. ఇంకా ఇవ్వలేదు, సోమవారం ఇస్తానంటోంది. సిరంజి పట్టుకుంటే చెయ్యి వణుకుతోందంట. పేషెంటుకు మందు ఇవ్వాలంటే నాలుగు సార్లు చీటీ చదువుతోంది. రెండు రోజులుగా డ్యూటీకి పోలేదు. ఇరవై ఆరున కూడా రాలేనంటోంది, అమ్మ గది చూడలేనని. మీరొకసారి మాట్లాడండి."

ఫోన్ షారన్‌కు ఇచ్చాడు.

"నాన్నా, నేను చంపేసినా."

నేను "నిద్రపో తల్లీ" అన్నాను.

ఫోన్ పెట్టాక నాలో కలిగిన మొదటి ఆలోచన ఏమిటో రాస్తాను. ఆమె రాదు. గది సర్దదు. పరుపు ఎవరూ చూడరు.

ఆ ఆలోచన వచ్చినందుకు చాలాసేపు కుర్చీలో నుంచి లేవలేకపోయాను. తెల్లవారగానే అల్లాబక్షుకు ఫోన్ చేస్తాను, రమ్మని.

సెప్టెంబరు 20, శనివారం

తొమ్మిదింటికి వచ్చాడు. సర్దార్‌బీని కూడా తెచ్చాడు. ఇద్దరూ కలిసి పరుపును వరండాలోకి లాగారు. నా కోసం పీట వేశాడు.

"కూర్చో. లేచి పోకూడదు."

కూర్చున్నాను.

కత్తెరతో పై కుట్టు తెంపుకుంటూ వచ్చాడు. గోడవైపు మూలకు వచ్చేసరికి ఆగాడు. కళ్లజోడు పైకి తోసి, ఆ చోటు వేలితో తడిమాడు.

"ఇది వేరే కుట్టు."

పరుపు మూలను వెలుతురులోకి తిప్పాడు.

"మాది పురికొస నూలు. ఇది నీలం నైలాను, వలలు అల్లే దారం. ఒకదాని మీద ఒకటి పడి ఉండాయి కుట్లు. దబ్బనం పట్టడం రానోళ్లు కుట్టినారు. ఎవురిదిరా ఇది?"

సర్దార్‌బీ నా ముఖం చూసి, నీళ్లు తెస్తానని లోపలికి పోయింది.

"నాది" అన్నాను.

ఇది ఇంతకు ముందు ఈ డైరీలో కూడా రాయలేదు. జులై పన్నెండున షారన్ వస్తున్నానని చెప్పింది. ఆ ఉదయం ఫ్లోరాను కుర్చీలో కూర్చోబెట్టి, పక్క సరిచేస్తున్నట్టు, ఆ నోరు కుట్టేశాను. ఫ్లోరా చూస్తూ ఉంది. నేను చూశానని ఆమెకు తెలిసింది. ఆమెకు తెలిసిందని నాకు తెలిసింది. ఇద్దరం ఒక్క మాట అనుకోలేదు. ఆ తర్వాత ఆమె కొంచెం పక్కన ఇంకో చోట కుట్టు వదులు చేసుకుంది.

అల్లాబక్షు నీలం దారం తెంపాడు. దూది పిడికెడు పిడికెడు తీసి వేళ్లతో విడదీశాడు.

"పత్తి గింజలనుకున్నా" అన్నాడు.

ఒక్కొక్కటే తీసి నా అరచేతిలో పెట్టాడు. అదే వాళ్ల పద్ధతి. కొన్ని గుండ్రంగానే ఉన్నాయి. కొన్ని చెమటకు కరిగి దూదికి అంటుకుని పసుపు రంగుకు తిరిగాయి. అరచెయ్యి నిండింది. రెండో చెయ్యి పట్టమన్నాడు. సర్దార్‌బీ పళ్లెం తెచ్చింది.

ఒక్కొక్కటీ వెలుతురులో తిప్పి చూశాను. అన్నీ ఒకే రకం. నీటి మాత్రలే. గుండె మాత్ర ఒక్కటీ లేదు. రక్తం పలచబడే మాత్ర ఒక్కటీ లేదు. అవన్నీ రోజూ మింగింది.

ఫ్లోరా పోవాలనుకోలేదు. బతకాలనే మిగతావన్నీ వేసుకుంది. నన్ను లేపకూడదనుకుంది. అంతే.

ఎప్పుడు ఏడ్చానో తెలియదు. సర్దార్‌బీ తల మీద చెయ్యి పెట్టింది. అల్లాబక్షు పని ఆపలేదు. దూది మొత్తం వెతికి, ఇంకేమీ లేదని చూపించాకే నా పక్కన కూర్చున్నాడు. అన్నీ చెప్పాను, షారన్ సంగతితో సహా.

"పాపకి తెలీదా?"

"తెలియదు."

"మరి చెప్పు."

"చెబితే?"

"తిడతాది."

"తిట్టి?"

"తిట్టి తిట్టి అలిసిపోతాది. మంచినీళ్లియ్యి."

"జీవితంలో నా ముఖం చూడకపోతే?"

వాడు పళ్లెంలోని దూది పోగులు ఏరి పక్కన పెట్టాడు. "అదేమో నాకు తెలీదురా."

సెప్టెంబరు 21, ఆదివారం

ఆరాధనకు పోలేదు.

పొద్దుటి నుంచి ఒక దారి కనిపిస్తోంది. షారన్‌కు ఫోన్ చేసి, పరుపు విప్పితే మాత్రలు దొరికాయమ్మా, నాకూ నిన్ననే తెలిసింది అంటే సరిపోతుంది. ఆమె డోసు తప్పు కాదని తెలుస్తుంది. చెయ్యి వణకడం ఆగుతుంది. నేను ఆమెకు మిగులుతాను. నీలం దారం పొయ్యిలో వేస్తే ఐపోతుంది.

నాలుగు సార్లు ఫోన్ తీశాను. ఐదోసారి అల్లాబక్షుకు చేశాను. ఇలా చెబితే ఎలా ఉంటుందని అడిగాను.

మిషను శబ్దం ఆపి విన్నాడు.

"అట్టయితే ఆయమ్మ ఒక్కతే దాచినట్టు కద."

అంతే అన్నాడు. కోపం లేదు. లెక్కలో పొరపాటు చూపించినట్టు.

అవును. పోయిన మనిషి ఎదురు చెప్పదు. ఆమె మీద పెడితే నేను బయటపడతాను. మళ్లీ వెనక్కి తిరిగి గ్లాసు పెట్టడమే అది.

"నువ్వు తోడు వస్తావా?" అని అడిగాను. అరవై మూడేళ్ల మనిషిని, అడిగాను.

"గూడూరు స్టేషను దాకా వస్తా. ఇంట్లోకి రాను. అది మీ ఇద్దరిది. ప్లాట్‌ఫారం మీద కూర్చోనుంటా. ఎంతసేపైనా సరే."

"పని?"

"దూది ఎక్కడికి పోతాదిరా?"

భయం తగ్గలేదు. తగ్గిందని రాస్తే అబద్ధం. షారన్ చిన్నప్పుడు జ్వరమొస్తే నా చొక్కా గుండీ పట్టుకుని నిద్రపోయేది. ఆ చెయ్యి రేపు నన్ను బయటికి తోయవచ్చు. తోస్తే ప్లాట్‌ఫారం మీద ఒక మనిషి ఉంటాడు. అంతవరకే నాకు తెలుసు.

రేపు ఉదయం ఐదూ నలభై బస్సుకు నెల్లూరు పోతాం. అక్కడి నుంచి రైలు. షారన్ ఆసుపత్రికి లెటరు ఇవ్వడానికి బయలుదేరేలోపే చేరాలి. అల్లుడు బయటికి పోయేదాకా ఆగను, అతని ముందే చెబుతాను. కాఫీ ఇస్తే తీసుకోను, కూర్చోమంటే కూర్చోను. మీ అమ్మ మాత్రలు దాచిందని మొదలుపెట్టను. "జూన్‌లోనే నేను చూశాను" అని మొదలుపెడతాను.